గాజుతొట్టిలోని సముద్రానికి ఏ ఉప్పు తేవాలి?
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఈ వేదికమీద పంచాంగ శ్రవణం జరిగినది. పద్యపఠనం జరిగినది. తరువాత మాట్లాడడానికి మమ్మల్ని పిలిచారు. మేము కవులము కాము, పండితులము కాము. మెట్రిక్ పరీక్షతో చదువు ముగించి రైల్వే ఆఫీసులో లెక్కలు వ్రాసుకునేవారము. కనుక మాకు తెలిసిన ఒక చిన్న విషయాన్ని, తెలిసినంతవరకు, లెక్కలతోసహా మనవి చేస్తాము. ఆ విషయం ఉప్పు. పచ్చడిలో వేసే ఉప్పు కాదు. ఇంట్లో గాజుతొట్టిలో సముద్రపు చేపలను పెంచేవారు నీటిలో కలిపే ఉప్పు.

ఇది పండుగనాడు చెప్పవలసిన మాటేనా అని పెద్దలు అనుకోవచ్చు. మా యింట అట్టి తొట్టి ఒకటి ఉన్నదని తెలిసి, గత రెండేళ్ళుగా మన కాలనీలనుండి ఎందరో తండ్రులు పిల్లల చెయ్యి పట్టుకొని వచ్చి అడుగుతున్నారు. నారింజరంగుమీద తెల్లని పట్టీలున్న చేపను పిల్లలు సినిమాలో చూశారు; అది ఇంటికి కావాలంటారు. విశాఖలోనో బొంబాయిలోనో చుట్టాలున్నవారు అక్కడి చేపల ప్రదర్శనశాల చూసివచ్చి, పగడాలు కూడ పెట్టవచ్చునా అని అడుగుతారు. అందరూ చివరకు అడిగే ప్రశ్న ఒక్కటే: “ఏ ఉప్పు తేవాలండీ?” ప్రశ్న చిన్నదే. కాని అక్కడ తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. నోరులేని ప్రాణాలు పోతాయి. ఒక్కొక్కప్పుడు తెలియకుండానే చట్టాన్ని మీరినవారమవుతాము. అందుకే అందరికీ ఒకేసారి చెప్పుదామని ఈ అవకాశం తీసుకున్నాము.

మొదట సముద్రపు నీటిలో ఏమున్నదో చూద్దాము. ఒక కిలో సముద్రపు నీటిని తీసుకుంటే, అందులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈ 35 గ్రాములలో క్లోరైడు 19 గ్రాములకు కొంచెం పైన, సోడియం సుమారు 10.8 గ్రాములు. ఈ రెండూ కలిసినదే మనం ఎరిగిన ఉప్పు. ఇవి పోగా మిగిలేది సుమారు 5 గ్రాములు. అందులో సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4, బైకార్బొనేటు సుమారు 0.1 గ్రాము, తక్కినవి లేశమాత్రం.

ఈ పాళ్ళు ఒక్క విశాఖ నీటికే చెల్లుతాయని అనుకోవద్దు. 1872 నుండి 1876 వరకు ‘చాలెంజర్’ అనే బ్రిటిషు నౌక మహాసముద్రాలమీద తిరిగి నీటి నమూనాలు తెచ్చినది. వాటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఒకచోట ఉప్పదనం ఎక్కువ, మరొకచోట తక్కువ కావచ్చు. కాని ముఖ్యమైన లవణాలు ఒకదానికొకటి ఉండే పాళ్ళు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటేనని తేలినది. చేయి తిరిగిన ఇల్లాలు కలిపిన ఉగాది పచ్చడి వంటిదన్నమాట. గిన్నె పెద్దదైనా చిన్నదైనా పాళ్ళు మారవు. ఈ పాళ్ళకు అలవాటుపడిన ప్రాణులనే మనం ఇంటికి తెస్తున్నాము. పగడపు దిబ్బలలో పుట్టిన చేపకు, రొయ్యకు, నత్తకు పెద్దగా మారని నీరే అలవాటు.

ఇక మన వంటింటి ఉప్పు సంగతి. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా, చినగంజాం, నెల్లూరువైపు ఇసుకపల్లి ఉప్పుకొటార్లను చూసినవారు ఈ సభలో కొందరు ఉండే ఉంటారు. అక్కడ సముద్రపు నీటిని మడినుండి మడికి మళ్ళిస్తూ ఎండబెడతారు. నీరు చిక్కబడినకొద్దీ ఒక్కొక్క లవణం వరుసగా అడుగుకు దిగుతుంది. మొదట సున్నపు పదార్థం, తరువాత జిప్సం దిగుతాయి. అంటే నీటిలోని కాల్షియంలో చాలభాగం వెనుకటి మడులలోనే నిలిచిపోయినదన్నమాట. బోమే మాపకంలో 25 డిగ్రీల దగ్గర అసలు ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. మాపకం 29, 30 డిగ్రీలకు చేరేసరికి ఉప్పు తీసేసి, మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు. ఆ చేదు మెగ్నీషియం వలన వచ్చినది. పొటాషియం కూడ ఆ చేదునీటితోనే పోతుంది.

ఉప్పుకొటారు కూలీ ఎండలో కాళ్ళు పగిలేటట్టు నిలబడి చేసే పని ఇది. చేదు పోయినకొద్దీ ఉప్పు మంచిదని మనం అంటాము. ఆవకాయకు, అన్నంలోకి అది మంచిదే. కాని తొట్టికి కావలసినవేవో సరిగ్గా అవే అక్కడ విడిపోయినవి. సముద్రంనుండి ఉప్పు వచ్చినది గనుక ఉప్పును నీటిలో కలిపితే సముద్రం వస్తుందనుకోవడం, పాలనుండి వెన్న వచ్చినది గనుక వెన్నను నీటిలో కలిపితే పాలు వస్తాయనుకోవడం వంటిదే.

“అయొడైన్ లేని రాళ్ళుప్పు తెస్తే సరిపోదా?” అని చాలమంది అడుగుతారు. ఇబ్బంది అయొడైన్ ఉండడంవలన వచ్చినది కాదు, మిగిలినవి లేకపోవడంవలన వచ్చినది. సైంధవ లవణమూ అంతే. అదీ ముఖ్యంగా సోడియం క్లోరైడే. ఈ మధ్య బజారులో అందమైన డబ్బాలమీద ‘సీ సాల్టు’ అని వ్రాసి అమ్ముతున్నది కూడ వంటింటి ఉప్పే. పేరు చూసి మోసపోవద్దు. మనకు తెలిసిన ఒక కుటుంబంలో అట్టి డబ్బాలు తెచ్చి కలిపి చేపలను వదిలారు. రుచి చూస్తే నీరు సముద్రపు నీటివలెనే ఉప్పగా ఉన్నది. చేపలు మాత్రం నాలుగు రోజులు నిలవలేదు. పిల్లవాడు రెండు రోజులు బడికి పోలేదు. మన నాలుకకు తెలిసేది ఉప్పదనం ఒక్కటే. చేపకు తక్కినవన్నీ తెలుస్తాయి.

మరి సముద్రపు నీటినే తెచ్చుకుంటే ఏమి అని మా ఆఫీసులో ఒక మిత్రుడు అన్నాడు. విశాఖనుండి నాందేడుకు నాగావళి వస్తున్నది గదా అని అతని వాదన. రైల్వేవారము గనుక ఆ లెక్క కూడ వేశాము. 1,000 కిలోల సముద్రపు నీటిలో 965 కిలోలు ఉత్త నీరే. గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి నీటిని కిరాయి కట్టి తెచ్చుకోవడం దండగ. పైగా ఒడ్డున ముంచిన నీటిలో ఊరి మురుగు, ఓడల నూనె కలిసి ఉండవచ్చు. డబ్బాలలో వేడికి మగ్గి దారిలోనే చెడవచ్చు. డబ్బా కారి తోటి ప్రయాణికుల సామానులు తడిస్తే ఆ గొడవ వేరు. సముద్రానికి దూరంగా ఉన్నవారికి తగిన మార్గం నీటిని ఇక్కడ తీసుకొని, లవణాలను మాత్రం తెచ్చుకొని కలుపుకోవడమే.

ఈ మార్గం ఈనాటిది కాదు. లండనులో 1853లో జంతుప్రదర్శనశాలవారు చేపలశాల తెరిచిన రోజులలో ఈ కష్టమే వచ్చినది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు మామూలు ఉప్పు, ఎప్సం లవణం, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు అనే నాలుగింటిని తూచి కలిపి సముద్రపు నీటిని తయారుచేశాడు. ఉప్పు ఒక్కటే చాలదని 170 సంవత్సరాల క్రిందటనే తెలిసినదన్నమాట. ఈనాడు ఆ పనిని కంపెనీలు చేస్తున్నవి. అన్ని లవణాలను తగుపాళ్ళలో కలిపి, ఎండబెట్టి, సంచులలోను బకెట్లలోను అమ్ముతున్నారు. ఎరువుల దుకాణంలో ఎప్సం లవణం చవక గనుక మనమే కలుపుకుందామని కొందరికి తోస్తుంది. పొలానికి వేసే సరుకులో ఏయే మలినాలున్నవో సంచిమీద ఉండదు. పొలం తట్టుకున్నది తొట్టి తట్టుకోలేదు. ఇంటివారికి ఆ ప్రయోగం వద్దని మా సలహా.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఈ తయారు మిశ్రమాలు ప్రధానంగా రెండు తరగతులు. మొదటిది సముద్రపు పాళ్ళకు దగ్గరగా ఉండేది. దానిని కలిపితే లీటరుకు కాల్షియం 400–420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250–1,300 మిల్లీగ్రాములు, క్షారత్వం 7–8 జర్మను డిగ్రీలు వస్తాయి. రెండవది కాల్షియం, క్షారత్వం కావాలని హెచ్చించినది. క్షారత్వం 11, 12 డిగ్రీలవరకు పోతుంది. రెడ్ సీ కంపెనీవారు మామూలు ఉప్పును, ‘కోరల్ ప్రో’ అనే హెచ్చు రకాన్ని వేరువేరుగా అమ్ముతున్నారు. ఇన్‌స్టంట్ ఓషన్‌వారికి కూడ మామూలు రకము, ‘రీఫ్ క్రిస్టల్స్’ అనే రకము ఉన్నవి. దుకాణదారుడు రెండవదే చూపిస్తాడు. ధర ఎక్కువది మంచిదని మనకూ ఒక నమ్మకం.

ఆ హెచ్చు రకం ఎవరికోసం? రాతి పగడాలకోసం. పగడం అనేది రాయి కాదు, చెట్టు కాదు. చిన్న చిన్న జంతువుల సమూహం. అవి నీటిలోని కాల్షియాన్ని, బైకార్బొనేటును తీసుకొని తమ క్రింద సున్నపురాయిని కట్టుకుంటూ పోతాయి. తొట్టినిండా అట్టి పగడాలు వేగంగా పెరుగుతూ ఉంటే, ఆ రెండూ రోజురోజుకు తరిగిపోతాయి. ఆ తరుగును పూడ్చడానికి హెచ్చు రకం పనికివస్తుంది. తరిగించే ప్రాణులు లేని తొట్టిలో హెచ్చు వేసి ప్రయోజనం లేదు.

కనుక ఏ ఉప్పు తేవాలి అనే ప్రశ్నకు ముందు, ఏ ప్రాణులను పెంచవచ్చును అనే ప్రశ్న ఉన్నది. ఇక్కడ చట్టం స్పష్టంగా చెబుతున్నది. మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. పులిని, నెమలిని కాపాడే చట్టం అదే. 2001లో దాని మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నింటిని, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, విసనకర్రవలె ఉండే సముద్రపు పంకాలను చేర్చారు. ఈనాటికీ అవి రక్షిత ప్రాణులే. మన సముద్రాలనుండి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. “అందరూ పెడుతున్నారండీ, ఏమీ కాదు” అని ఎవరైనా అంటే నమ్మవద్దు. మనలో చాలమందిమి ప్రభుత్వ ఉద్యోగులము, చిన్న వ్యాపారులము, మిల్లు పనివారి బిడ్డలము. పొరుగు రాష్ట్రంలో మర్యాదగా బ్రతుకుతున్నాము. గాజుతొట్టిలో అలంకారంకోసం ఆ మర్యాదను పణం పెట్టడం తెలివి కాదు.

చట్టం భయం ఒక్కటే కారణమూ కాదు. మనదేశంలో పెద్ద పగడపు దిబ్బలు ఉన్న చోట్లు కొద్ది. కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబారు దీవులు, అంతే. మన మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర కొంచెంగా ఉన్నవి. తెలుగు తీరంలో అంతటి దిబ్బలు ఎందుకు లేవంటే, ఒక ముఖ్య కారణం మన నాందేడు గుండా పారుతున్న గోదావరే. పగడాలకు తేటనీరు, వెలుతురు, నిలకడైన ఉప్పదనం కావాలి. గోదావరి, కృష్ణ మొదలైన నదులు తీసుకుపోయే మంచినీరు, ఒండ్రు అక్కడ వాటిని నిలవనీయవు. మన పొలాలకు అన్నం పెట్టే ఒండ్రే వాటికి ఊపిరాడనీయదు. గుండ్రంగా పెరిగే రాతి పగడం సంవత్సరానికి సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. మన గుప్పిట్లో పట్టేంత ముక్కకు మన చిరంజీవుల వయస్సు ఉంటుంది. సముద్రం వేడెక్కి 1998లోను, 2010లోను, 2016లోను లక్షద్వీపాలలో పగడాలు పాలిపోయి పెద్దయెత్తున చచ్చిపోయినవి. మిగిలినవాటిని సుత్తితో కొట్టి తెచ్చిన ముక్క మన హాలులో ఉండడం మనకు శోభనిస్తుందా?

కాబట్టి మా తీర్మానం ఇది. మన ఇళ్ళలో పెట్టదగినది సముద్రపు చేపల తొట్టి. దిబ్బ ఆకారం కావాలంటే, కృత్రిమంగా పోతపోసిన రాళ్ళను పేర్చుకోవచ్చు. చేపలలో హేచరీలో పుట్టి పెరిగినవాటినే అడిగి తీసుకోండి. సినిమాలో పిల్లలు చూసిన ఆ పట్టీల చేప, అనగా క్లౌన్ చేప, మనదేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతి సాధించిన చేప. పేరు తెలియని ప్రాణిని మాత్రం కొనవద్దు. ఇట్టి తొట్టికి హెచ్చు రకం ఉప్పు అవసరం లేదు. సముద్రపు పాళ్ళకు దగ్గరగా ఉన్న మామూలు మిశ్రమమే చాలును. పగడం వద్దనుకున్నప్పుడు ఖర్చూ తగ్గుతున్నది, మనస్సూ తేలిక అవుతున్నది.

ఆ మామూలు రకంలో మంచిది ఎట్లా పోల్చుకోవాలి? సంచిమీద కాల్షియం, మెగ్నీషియం, క్షారత్వం ఎంతెంత వస్తాయో అంకెలలో వ్రాసి ఉండాలి. తయారైన తేదీ, బ్యాచి నంబరు ఉండాలి. సంచి నొక్కిచూస్తే పొడిగా జారాలి; గడ్డకట్టి ఉంటే తేమ తగిలినదన్నమాట, వదిలివేయండి. విడిగా కవరులో కట్టి ఇచ్చేది చవక అయినా తీసుకోవద్దు. దూరప్రయాణంలో గుంజుడికి సన్నరవ్వ క్రిందికి, ముతకరవ్వ పైకి చేరుతాయి. కనుక సంచిని విప్పేముందు నాలుగుసార్లు దొర్లించండి. వానాకాలంలో మన ఉప్పుజాడీ చెమర్చినట్లే ఇదీ చెమర్చుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచండి. ఒక రకం పడిన తరువాత దానినే వాడండి. మార్చవలసివస్తే కొద్దికొద్దిగా, వారాలమీద మార్చండి.

ఇక నీరు. మన నాందేడు బోరునీరు నల్లరాతి నేలనుండి వచ్చేది. అందులో ముందే సున్నం ఉన్నది. కుళాయి నీటిలో బ్లీచింగు ఉంటుంది. ఉప్పు కంపెనీవారు లెక్కవేసిన పాళ్ళు ఏమీ లేని నీటికి వేసినవి. అందువలన ఆర్.ఓ. నీరే వాడాలి. చాల ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రాలలో రుచికోసం కొంత పాతనీటిని తిరిగి కలిపే చిన్న స్క్రూ ఉంటుంది. టి.డి.ఎస్. మీటరుతో చూస్తే అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. లేకపోతే మెకానిక్కును పిలిచి ఆ స్క్రూ మూయించి, తొట్టికి వేరే నీరు పట్టుకోండి.

వదినలు, అక్కయ్యలు ముఖ్యంగా వినవలసిన మాట ఒకటి ఉన్నది. ఈ నీటికి ఇత్తడి బిందె, రాగి చెంబు తగలకూడదు. మనకు ఆరోగ్యమని రాగిచెంబులో నీరు త్రాగుతాము. కాని ఉప్పునీటిలోకి దిగిన రాగి రొయ్యలకు, నత్తలకు విషం. ఈ పనికి ఒక ప్లాస్టిక్ బకెట్టు వేరుగా కేటాయించి, సబ్బు తగలకుండా ఎత్తి పెట్టుకోండి.

కలిపే పద్ధతి: ముందు బకెట్టులో నీరు, తరువాత ఉప్పు. ఉప్పుమీద నీరు పోయకూడదు. అట్లా పోస్తే అడుగున చిక్కదనం పెరిగి కాల్షియం తెల్లని సున్నమై దిగిపోతుంది. ఆపైన ఎంత కలిపినా కరగదు. చిన్న మోటారుతో నీటిని తిప్పుతూ, గుప్పెడు గుప్పెడుగా వేయాలి. చేపలున్న తొట్టిలో ఎన్నడూ నేరుగా ఉప్పు వేయరాదు. నీరు తేటపడిన తరువాత, సంచిమీద చెప్పినంతసేపు ఆగి, కొలవాలి. 25 డిగ్రీల వేడిలో విశిష్ట గురుత్వం 1.026 ఉంటే సముద్రంతో సరి. హైడ్రామీటరు చాలును, రిఫ్రాక్టోమీటరు ఉంటే మేలు, కాని దానిని అప్పుడప్పుడు తెలిసిన ద్రావణంతో సరిచూసుకోవాలి. నాలుకతో కొలవవద్దు. కొత్త తొట్టిలో ఉప్పునీరు పోసినరోజే చేపలను వదలకూడదు. చేపల విసర్జనలోని అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు రాళ్ళమీద, ఇసుకలో నెలకొనడానికి వారాలు పడుతుంది. అంతవరకు పిల్లలను ఊరడించడం తండ్రుల పని.

ఇప్పుడు గుమాస్తా లెక్క. 3 అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 190 లీటర్లు పడుతుంది. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా నీరు 150 లీటర్లనుకుందాము. లీటరుకు 36 గ్రాముల చొప్పున మొదటిసారికి 5 కిలోల 400 గ్రాముల ఉప్పు. ఇంతేగదా అనిపిస్తుంది. కాని వారానికి పదోవంతు నీరు మార్చాలి. అనగా 15 లీటర్లకు 540 గ్రాములు. సంవత్సరానికి 52 వారాలకు 28 కిలోలు. మొదటి సంచికి అయిదు రెట్లు! కాబట్టి కొనేటప్పుడు మొదటి సంచి ధర చూడకండి. 28 కిలోల ధర చూడండి. ఆ ఉప్పు హైదరాబాదునుండిగాని, ముంబాయినుండిగాని ఏడాది పొడుగునా మనకు అందుతుందా అని చూడండి. అపురూపమైన ఉప్పు ఒకసారి తెచ్చి, తరువాత దొరక్క నీరు మార్చకుండా ఉండడంకంటె, మామూలు ఉప్పుతో క్రమం తప్పకుండా మార్చడం వేయిరెట్లు మేలు.

మన ఊరి ఎండనుగూర్చి ఒక మాట. నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు కాదు. రోజుకు 3 లీటర్లు ఆవిరైతే, అయిదు రోజులలో 150 లీటర్లు 135 అవుతాయి. 35 ఉన్న ఉప్పదనం సుమారు 39కి ఎక్కుతుంది. మనకు తెలియకుండానే హాలులో ఉప్పుమడి తయారైనదన్నమాట. తగ్గిన నీటికి బదులు ఉత్త ఆర్.ఓ. నీరే పోయాలి, ఉప్పునీరు కాదు. తొట్టిగోడమీద నీటిమట్టానికి ఒక గీత పెట్టుకొని, రోజూ ఉదయం అంతవరకు నింపండి. ఈ పనిని పిల్లలకు అప్పగించవచ్చు. మే నెలలో నీరు 30 డిగ్రీలు దాటితే, నీటిమీదికి చిన్న పంకా పెట్టండి. మట్టికుండ చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అప్పుడు ఆవిరి ఇంకా ఎక్కువ గనుక గీతను మరింత గమనించాలి. కరెంటు పోయినప్పుడు గాలి ఆడించడానికి బ్యాటరీతో నడిచే పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. తీసిన ఉప్పునీటిని పెరటిలో మొక్కలకు పోయవద్దు, నేల చవుడెక్కుతుంది. పెంచలేకపోతే చేపలను గోదావరిలో వదలవద్దు. మంచినీటిలో అవి బ్రతకవు.

ఇవన్నీ విని ఉత్సాహం వచ్చినవారు రేపే తొట్టి కొనకండి. ఉగాది వెళితే ముందున్నది మూడు నెలల ఎండ. ఈలోగా ఇంటిలో అందరూ కూర్చొని ఆలోచించండి. వారానికి ఒక గంట, ఏడాదికి 28 కిలోల ఉప్పు, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు గీత చూసే నమ్మకమైన పొరుగువారు, ఈ మూడూ ఉన్నవని తోస్తే వానలు పడిన తరువాత మొదలుపెట్టండి. లేవని తోస్తే మంచినీటి చేపలను పెంచుకోండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. పిల్లలకు ప్రాణిని చూసుకోవడం నేర్పేది తొట్టిలోని నీరు ఉప్పగా ఉండడం కాదు, రోజూ మరువకుండా దాని దగ్గరకు పోవడం.

మా దగ్గర హైడ్రామీటరు, టి.డి.ఎస్. మీటరు ఉన్నవి. ఆదివారం ఉదయాలు ఎవరైనా ఒక సీసాలో నీరు తెచ్చి కొలిపించుకోవచ్చును. సీసా మాత్రం ఊరగాయ సీసా కాకుండా చూడండి.